థైరాయిడ్ మీద ఎందుకింత నింద?

అనంతగిరి కొండల కింది పల్లెల్లో వేసవి సెలవులు గడిపిన వాళ్ళకు ఇది తెలిసిన దృశ్యమే. గంపలో పొదిగిన కోడి 21వ రోజుకు పిల్లల్ని చేస్తుంది. ఇంట్లో పెద్దమ్మ వాటి ముందు గుప్పెడు నూకలు చల్లుతుంది. గుడ్డులో ఉన్నన్నాళ్ళూ ఆ పిల్లకు శక్తినిచ్చింది పచ్చసొనలోని కొవ్వు. ఇప్పుడు ముక్కుతో పొడిచి తింటున్నదేమో పిండిపదార్థం. తిండి ఒక్కసారిగా మారిపోయింది. కొద్ది రోజుల్లోనే దాని కాలేయం మిగిలిన పిండిపదార్థాన్ని కొవ్వుగా మార్చి దాచడం మొదలుపెడుతుంది. ఆ పని మొదలుపెట్టమని కాలేయానికి చెప్పిందెవరు?

చెప్పిన వారిలో ఒకటి థైరాయిడ్, అంటే మెడ ముందు భాగంలో ఉండే అవటు గ్రంథి. ఇది చాలామందికి వింతగా తోస్తుంది. ఎవరైనా లావెక్కితే ‘థైరాయిడ్ తక్కువైందేమో’ అంటారు, సన్నబడితే ‘ఎక్కువైందేమో’ అంటారు. అలాంటి హార్మోను కొవ్వును తయారుచేయిస్తుందా? చేయిస్తుంది.

కొవ్వు ఆమ్లం తయారీ కాస్త ఓపికతో చూడవలసిన పని. పామిటిక్ ఆమ్లంలో 16 కార్బన్లుంటాయి. కణం వాటిని రెండేసి చొప్పున అతికిస్తూ పోతుంది. ఒక్క అణువు పూర్తయ్యేసరికి ఎన్.ఎ.డి.పి.హెచ్. అనే సహాయక పదార్థం అణువులు 14 ఖర్చవుతాయి. అతికించే పని ఫాటీ ఆమ్ల సింథేజ్ అనే ఎంజైముది. కోడి కాలేయంలో ఆ సహాయక పదార్థాన్ని సరఫరా చేసే వాటిలో ముఖ్యమైనది మాలిక్ ఎంజైము. 1970లలో అలన్ గుడ్‌రిడ్జ్ అనే శాస్త్రవేత్త కోడి పిండాల కాలేయ కణాలను గాజుపాత్రల్లో పెంచి, వాటికి టి-3 అనే థైరాయిడ్ హార్మోనును అందించాడు. మాలిక్ ఎంజైము ఎన్నో రెట్లు పెరిగింది. ఆకలివేళ రక్తంలో పెరిగే గ్లూకగాన్‌ను కూడా చేర్చితే ఆ పెరుగుదల అణగిపోయింది. తిండి లేనప్పుడు కొట్టు నింపే పని ఎందుకని కణానికి తెలుసన్నమాట!

హార్మోను ఈ పని ఎలా చేస్తుందో తెలియడానికి దారి చూపిన వారిలో బొంబాయిలో పుట్టిన జంషెడ్ టాటా ఒకరు. ఆయన 1960లలో లండన్‌లో చేసిన ప్రయోగాల్లో, ఆర్.ఎన్.ఎ. తయారీని ఆపేస్తే థైరాయిడ్ హార్మోను ప్రభావం కనబడలేదు. అంటే ఆ హార్మోను ఉన్న ఎంజైమును తట్టి లేపడంతో సరిపెట్టడంలేదు, కొత్తది తయారుచేయమని జన్యువులకే కబురు పంపుతున్నది. కేంద్రకంలో ఆ కబురందుకునే ప్రోటీను ఏదో 1986లో తేలింది.

మరి హార్మోను ఎక్కువైనవాళ్ళు చిక్కిపోతారెందుకు? అది కొవ్వును తయారుచేయించడంతోపాటు, అంతకంటే ఎక్కువగా కాల్పిస్తుంది కూడా. పొయ్యిలో మంట ఎగదోసే మనిషే అడవికి పోయి కట్టెలు కూడా తెస్తున్నాడనుకోండి. 1991లో అమెరికాలో ఓపెన్‌హైమర్ బృందం ఎలుకల మీద చేసిన పరిశోధన ఇలాంటి లెక్కనే చూపింది. కాలిపోతున్న కొవ్వు నిల్వలను కొంతైనా నింపడానికే ఈ కొత్త తయారీ అని వారు భావించారు.

ఇక అదే కొండమీద మేసే గొర్రెను చూడండి. దాని కొవ్వు ముఖ్యంగా తయారయ్యేది కాలేయంలో కాదు, కొవ్వు కణజాలంలోనే. ముడిసరుకు కూడా వేరు: కడుపులోని సూక్ష్మజీవులు గడ్డిని పులియబెట్టగా వచ్చే ఎసిటేట్. మాలిక్ ఎంజైముకు అక్కడ పెద్ద పాత్ర లేదు. ఒక జంతువులో తేలిన విషయాన్ని మరో జంతువుకు తగిలించే ముందు ఆగి ఆలోచించాలనడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు. అలాంటప్పుడు ‘థైరాయిడ్ అంటే లావు’ అని మనుషులందరికీ ఒకే సూత్రం అంటగట్టడం ఏం సబబు? హార్మోను తగ్గినవాళ్ళకు సాధారణంగా పెరిగే బరువు కొద్ది కిలోలే. అందులోనూ చాలాభాగం ఒంట్లో నిలిచిపోయిన ఉప్పూ నీరూ.

ఇదంతా పరీక్షల కోసం చెప్పడంలేదు. నాకు తెలిసిన ఇంట్లో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయిని తోటివాళ్ళు లావని ఏడిపించేవారు. సన్నబడతానని ఆ పిల్ల తల్లి వాడే థైరాక్సిన్ మాత్రలు ఎవరికీ తెలియకుండా మింగడం మొదలుపెట్టింది. ఆ అమ్మాయి గ్రంథిలో ఏ లోపమూ లేదు. కొన్ని వారాలకు గుండె దడ, చేతుల వణుకు, రాత్రుళ్ళు నిద్రలేమి పట్టుకున్నాయి. హార్మోను అతిగా ఉంటే కరిగేది కొవ్వొక్కటే కాదు, కండరాలూ క్షీణిస్తాయి, ఎముకలూ బలం కోల్పోతాయి, గుండె లయ తప్పవచ్చు. ఆ పిల్లను నేను తప్పుపట్టను. ఏడిపించిన వాళ్ళనూ, ‘థైరాయిడ్ మాత్ర వేసుకుంటే సన్నబడతారట’ అని ఆమె చెవిన వేసిన పెద్దవాళ్ళనూ తప్పుపడతాను.

డాక్టరు చెప్పగా మాత్రలు మానేసినా దడ వెంటనే తగ్గలేదు. రక్తంలో చేరిన థైరాక్సిన్ సగానికి తగ్గడానికే సుమారు 7 రోజులు పడుతుంది.