ఎలక తిన్న అయిదొందలు

మా అమ్మమ్మ ఫోన్ చేస్తే మొదటి మాట "తిన్నావా" అని ఉంటుంది. పోయిన నెల చేసినప్పుడు మాత్రం "ఒరేయ్, ఆదివారం వస్తున్నావా లేదా?" అంది. గొంతులో తేడా. ఎంత అడిగినా విషయం చెప్పలేదు. తెనాలి దగ్గర మా ఊరు. బస్సెక్కి వెళ్లిపోయా.

వెళ్లగానే తలుపు దగ్గరికి వేసి, ఒక ప్లాస్టిక్ కవర్ నా చేతిలో పెట్టింది. లోపల అయిదొందల నోట్లు. అంటే, ఒకప్పుడు నోట్లే! ఒకటో తారీకున ఇంటికొచ్చి ఇచ్చిన నాలుగు వేల పింఛనుని అలాగే మడిచి, పాత చీరల మూటలో దాచి, ఆ మూటని అటక మీద పెట్టింది. ఎలక ఆ మూటలో కాపురం పెట్టింది. ఎనిమిది నోట్లలో మడత లోపలివి మూడు బతికాయి. మిగతా అయిదూ రకరకాల సైజుల్లో ఉన్నాయి.

"బ్యాంకులో వేసుకోవచ్చుగా అమ్మమ్మా?" అన్నాను.

"వేస్తే తియ్యడానికి మళ్లీ నిన్నో, మీ మావయ్యనో పిలవాలి" అంది.

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. నా జీతం ఫోన్లోకి వస్తుంది, ఫోన్లోంచే పోతుంది. ఎలక యూపీఐని కొరకలేదు కాబట్టి ఈ బాధ నాకెప్పుడూ రాలేదు.

అసలు సంగతి తర్వాత బయటపడింది. బస్టాండ్ దగ్గర చిరిగిన నోట్లు తీసుకునే ఆయన ఒకాయన ఉన్నాడట. పక్కింటి పిన్నిగారితో అడిగిస్తే, అయిదూ కలిపి ఆరొందలు ఇస్తానన్నాడట. "ఇచ్చేద్దామనుకుంటున్నా. ఊరికే పోయేదానికంటే నయం కదా. నెల మందులకి సరిపోతాయి" అంది. నేను రావడం ఒక్క రోజు ఆలస్యమైతే ఇచ్చేసేదే.

అప్పుడు ఫోన్ తీసి వెతికితే తెలిసింది. రిజర్వ్ బ్యాంకుకి నోట్ రీఫండ్ రూల్స్ అని ఉన్నాయి. 2009లో వచ్చాయి, 2018లో సవరించారు. చిరిగిన నోటుకి ఎంత ఇవ్వాలనేది కౌంటర్లో కూర్చున్నవాళ్ల దయ కాదు, లెక్క. యాభై రూపాయలు, అంతకంటే పెద్ద నోటయితే, మిగిలిన ముక్క మొత్తంలో సుమారు 80 శాతం దాటితే పూర్తి విలువ. 40 నుంచి 80 మధ్య ఉంటే సగం. 40 కంటే తక్కువయితే సున్నా. ఇరవై, అంతకంటే చిన్న నోట్లకి సగం ఇవ్వడాలు లేవు. సగం కంటే ఎక్కువ ముక్క ఉందా, మొత్తం ఇస్తారు. లేదా, ఏమీ ఇవ్వరు.

శాతాలు కంటికి అందవు కాబట్టి నాకు దొరికిన చిట్కా ఒకటి చెప్తా. అయిదొందల నోటు విస్తీర్ణం 99 చదరపు సెంటీమీటర్లు. సగం డబ్బు రావాలంటే కనీసం 40 ఉండాలి, పూర్తిగా రావాలంటే 80. మీ ఏటీఎం కార్డు దాదాపు 46 ఉంటుంది. అంటే ఏటీఎం కార్డంత ముక్క మిగిలినా 250 రూపాయలు మీవే. ఆ రోజు అమ్మమ్మ మంచం మీద నోట్లు పరిచి, ఒక్కోదాని మీద కార్డు పెట్టి చూశాం. ఆవిడకి భలే సరదా వేసింది.

సోమవారం పొద్దున్నే బ్యాంకుకి వెళ్లాం. ఏ బ్యాంకో చెప్పను. కౌంటర్లో ఆయన కవర్ విప్పకుండానే "మీకు ఇక్కడ అకౌంట్ లేదు కదమ్మా" అన్నాడు. అకౌంట్ అక్కర్లేదు సార్ అంటే, "ఇలాంటివి హైదరాబాద్ రిజర్వ్ బ్యాంకులోనే తీసుకుంటారు" అన్నాడు. ఫోన్లో రూల్ చూపించబోతే వెనకాల క్యూ వైపు చూశాడు. అమ్మమ్మ నా చొక్కా పట్టుకుని లాగింది, "పద నాన్నా, గొడవెందుకు" అని. జీవితమంతా కౌంటర్ల ముందు ఆవిడ ఇలాగే పక్కకి తప్పుకుంది కాబోలు.

నిజానికి కాలిపోయి బూడిదవుతున్నవో, ముట్టుకుంటే పొడి అయ్యేవో అయితే రిజర్వ్ బ్యాంకు ఆఫీసుకి వెళ్లాలి. మామూలుగా చిరిగినవాటికి ఏ బ్యాంకు బ్రాంచి అయినా చాలు. అయిదు నోట్ల దాకా కౌంటర్లోనే తేల్చాలి. తేల్చలేకపోతే రసీదు ఇచ్చి, కరెన్సీ చెస్ట్ ఉన్న బ్రాంచికి వాళ్లే పంపాలి. కాదు, కుదరదు అంటే ముందు ఆ బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. దాని గురించి చెప్పే నంబరు 14448. సేవ్ చేసి పెట్టుకోండి.

మేం అంత దూరం వెళ్లలేదు. రోడ్డుకి అటువైపు ఇంకో బ్యాంకు ఉంది. అక్కడ మేడమ్ ఒకావిడ "కూర్చోండి బామ్మగారూ" అని కవర్ తీసుకున్నారు. గళ్ల కాగితం మీద ఒక్కో నోటు పెట్టి కొలిచారు. ఒక నోటు చూసి నవ్వారు. అది నా పనే. ముందు రోజు రాత్రి తెలివి ఎక్కువై, రాలిన చిన్న ముక్కల్ని టేపుతో అంటించా.

"ఇలా అంటించకండి బాబూ. విడిపోకుండా మిగిలిన పెద్ద ముక్కనే కొలుస్తాం. వేరే నోటు ముక్క కలిసిందనిపిస్తే అసలుకే మోసం వస్తుంది" అన్నారు.

మూల మాత్రమే పోయిన రెండు నోట్లకి వెయ్యి. ఇంకో రెండింటికి సగం చొప్పున అయిదొందలు. చివరిది పావు వంతే మిగిలింది, దానికి ఏమీ రాలేదు. మొత్తం పదిహేనొందలు. బస్టాండ్ ఆయన ఇస్తానన్నదానికి తొమ్మిదొందలు ఎక్కువ. ఫీజు ఒక్క రూపాయి కూడా తీసుకోలేదు.

ఇక మాసిన నోట్లు, అంటే మురికి పట్టినవి, లేదా రెండు ముక్కలై రెండూ మీ దగ్గరే ఉన్నవి. వీటికి ఈ కొలతల గొడవే లేదు, పూర్తి విలువ వస్తుంది. రోజుకి 20 నోట్లు, 5,000 రూపాయల దాకా ఉచితం. పెన్నుతో ఎవరో ఫోన్ నంబరు రాసిన నోటు చెల్లదని చెప్తే నమ్మకండి, చెల్లుతుంది. నినాదాలు, రాజకీయ రాతలు రాసినదైతే మాత్రం తిరస్కరిస్తారు. కావాలని కత్తిరించినట్టు కనిపించినా అంతే.

అన్నట్టు, మన కిరాణా కొట్లలో ఎంతోమంది వద్దనే పది రూపాయల నాణెం కూడా చెల్లుతుంది. రూపాయి గుర్తు ఉన్నదీ, లేనిదీ రెండూ. 14 డిజైన్లలో వచ్చాయనీ, అన్నీ చెల్లుతాయనీ రిజర్వ్ బ్యాంకు 2018లోనే ప్రకటించింది. అయినా మా వీధి చివర కొట్టాయన "మా దగ్గర ఎవరూ తీసుకోవట్లేదండీ" అంటాడు. ఎవరూ తీసుకోకపోవడానికి ఆయన కూడా ఒక కారణమని చెప్పి చూశా. వినలేదు. స్కానర్ వైపు చెయ్యి చూపించాడు.

ఏమీ రాని ఆ పావు నోటుని అమ్మమ్మ వెనక్కి అడిగింది. "అది మా దగ్గరే ఉండాలి బామ్మగారూ" అన్నారు మేడమ్. దారంతా దాని గురించే సణుగుతూ వచ్చింది. ఇంటికి రాగానే మూత బిగుతుగా ఉన్న స్టీలు డబ్బా ఒకటి కడిగి ఎండలో పెట్టింది. అది ఎక్కడ దాచిందో మాత్రం నాక్కూడా చెప్పలేదు.