గుసల్‌ఖానాలో గాలి ఏది?

పోయిన చలికాలం ఒకరోజు ఫజర్‌కు ముందు అమ్మీ గుసల్‌ఖానాలోంచి వచ్చి గడప మీదే కూలబడింది. తల తిరుగుతోంది, వాంతి వచ్చేలా ఉందంది. బీపీ అనుకున్నాం. ఖాలా అయితే నజర్ తగిలిందని ఎండుమిరపకాయలు తెచ్చింది.

మర్నాడు మిస్త్రీ వచ్చి గ్యాస్ గీజర్ విప్పాడు. మంట నీలంగా లేదు, పసుప్పచ్చగా ఉంది. పొగ గొట్టం తుప్పు పట్టి చిల్లు పడింది. చలి రాకుండా వెంటిలేటర్‌కు అట్టముక్క కొట్టింది నేనే!

గ్యాస్ లీకైతే వాసన వస్తుంది, మేల్కొంటాం. సరిగా మండని గ్యాస్ నుంచి పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. నెత్తురులో ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. మూసిన గదిలో కొద్ది నిమిషాల్లోనే జాన్ తీయగలదు.

మకాన్ మాలిక్‌ను అడిగితే "గీజర్ మరమ్మతు కిరాయిదారుదే" అన్నాడు. కిరాయి తీసుకునే హక్ ఉన్నవాడికి గాలాడే గది ఇచ్చే ఫర్జ్ లేదా? మనమేం తక్కువ తిన్నామా! వలీమాకు లక్షలు ఖర్జ్ తెస్తాం, గొట్టానికి కొన్ని వందలంటే వచ్చే నెల చూద్దామంటాం. ఏదైనా అయితే నసీబ్ అంటాం. మన గఫ్లత్‌కు నసీబ్ అని పేరు పెట్టడం ఇకనైనా మానుదాం.

గీజర్‌ను గుసల్‌ఖానా బయట పెట్టించండి. అంతవరకు తలుపు తెరిచే బకెట్ నింపుకొని, గీజర్ ఆపి, కాసేపాగి స్నానానికి వెళ్లండి. రబ్బరు ట్యూబు 5 ఏళ్లకోసారి మార్చండి.

మా అట్టముక్క పీకేశాం. చలి కొడుతోంది, కొట్టనీ. అమ్మీ ఖైరియత్‌గా ఉంది.