గంధపు చెక్కలో ఉన్నదేమిటి?

మొన్న మల్లేశ్వరంలో ఒక తెలుగువారింట పేరంటానికి వెళ్ళాము. ఇంటి పెద్దావిడ సాన ముందు వేసుకుని గంధం తీస్తున్నారు. పక్కనే, కడపలోని వారి పుట్టింటినుంచి ఎప్పుడో వచ్చిన ఎర్రచందనపు ముక్క కూడా వున్నది. ఏడెనిమిదేళ్ళ మనుమరాలు రెంటినీ వాసన చూసి, "అమ్మమ్మా, రెండూ చందనమే అంటావు. మరి దీనికి వాసన లేదేం?" అన్నది. అమ్మమ్మ నవ్వి మావైపు చూశారు. దానితో పేరంటాళ్ళందరూ మావైపే చూశారు. పత్రికకు రాసేవారికి ఈ చిక్కు తప్పదు గదా! ఆ పిల్లకు అప్పుడు చెప్పినదీ, చెప్పలేకపోయినదీ కలిపి ఈ నెల చదువరులకు మనవి చేస్తున్నాము.

పేరు ఒకటే గాని ఆ రెండు చెట్లకూ చుట్టరికం లేదు. ఎర్రచందనం మన కందికీ చిక్కుడుకూ జ్ఞాతి. శేషాచలం కొండలు దాని పుట్టిల్లు. దాని చేవలో దాగివున్నది వాసన కాదు, రంగు. ఆ ఎర్రని పదార్థాలకు శాంటలిన్‌లని పేరు. మొక్కల రంగులను విడదీసి, వాటి నిర్మాణాన్ని తేల్చే విద్యకు తెలుగునాట పీట వేసినవారు ఆచార్య టి. ఆర్. శేషాద్రి గారు. 1930, 40 దశాబ్దాలలో వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో పత్తిపూలవంటి వాటి రంగులమీద ఆయనా, ఆయన శిష్యులూ ఎంతో కృషి చేశారు.

ఇక మైసూరు చందనం సంగతి వేరు. అది పొరుగు చెట్ల వేళ్ళకు తన వేళ్ళు తగిలించి, నీరూ లవణాలూ అరువు తెచ్చుకునే చెట్టు. అందుకే చిన్ననాడు దానికి తోడుగా పక్కన కంది మొక్కను నాటడం కద్దు. దాని పైచెక్క తెల్లగా వుంటుంది, వాసన వుండదు. వాసనంతా లోపలి చేవలోనూ, వేళ్ళలోనూ వున్న నూనెది. ఆ చేవ ముదరడానికి ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది. మంచి చేవను ఆవిరి బట్టీ పెడితే నూటికి నాలుగైదు పాళ్ళ నూనె దిగుతుంది.

ఆ నూనెలో ముఖ్యమైనవి రెండు: ఆల్ఫా శాంటలాల్, బీటా శాంటలాల్. రెంటిలోనూ ఒక్కొక్క అణువుకు 15 కర్బన పరమాణువులు, 24 ఉదజని పరమాణువులు, ఒకే ఒక్క ఆమ్లజని పరమాణువు. సరకు ఒకటే, కూర్పు వేరు. నూనెలో ఆల్ఫా పాలు ఎక్కువైనా, మనం గంధమని మురిసిపోయే వాసనలో పెద్ద వాటా బీటాదే. ఈ అణువులు బరువైనవి, తొందరగా ఆవిరి కావు. పొద్దున మెడకు రాసిన గంధం సాయంత్రానికి కూడా పలకరించడానికి కారణమదే.

ఈ విషయం తెలియడంవల్ల మన బెంగుళూరుకు కలిగిన మేలు చిన్నది కాదు. 1914 దాకా మైసూరు సంస్థానపు గంధపు చెక్క వేలంలో అమ్ముడై ఓడలెక్కేది. అందులో చాలా భాగం జర్మనీకి పోయి, అక్కడ నూనెగా మారేది. యుద్ధం వచ్చి ఓడలు ఆగాయి, చెక్క గుట్టలు పడ్డది. అప్పుడు దివానుగా వున్నవారు విశ్వేశ్వరయ్య గారు. వారి పూర్వులది మన మోక్షగుండం. ఇక్కడివారు నేటికీ టాటా ఇన్‌స్టిట్యూట్ అని పిలుచుకునే విజ్ఞాన సంస్థలో సడ్‌బరో, వాట్సన్ అనే ఆచార్యులు ఆ చెక్కనుంచి నూనె తీసి చూపారు. 1916లో సంస్థానం తానే నూనె తీయడం మొదలుపెట్టింది. 1918 నాటికి ఎస్. జి. శాస్త్రిగారి చేతిమీదుగా మైసూరు శాండల్ సబ్బు వచ్చింది. ఈనాడు యశ్వంతపురం దాటాక మెట్రో రైలులో "శాండల్ సోప్ ఫ్యాక్టరీ" అని స్టేషను పేరు వినబడినప్పుడల్లా ఈ కథ గుర్తుకు వస్తుంది. చెక్క అమ్ముకున్నంత కాలం లాభం పరులది. లోపల వున్నదేమిటో తెలిసిన నాటినుంచి అది మనది.

పేరంటంలో పిల్లకు చెప్పలేకపోయిన భాగం ఇకమీదటిది. మేము ఎరిగిన ఒక పెద్దాయన, డెబ్బై దాటినవారు, మూత్రంలో మంటగా వుంటే, "చలవ చేస్తుంది, చెట్టు సరకేగదా" అని గంధపు నూనె చుక్కలు పాలలో వేసుకుని మూడు వారాలు తాగారు. చివరకు చలిజ్వరంతో ఆసుపత్రికి తీసుకుపోవలసి వచ్చింది. మూత్రనాళంలోని చీము మూత్రపిండందాకా పాకిందన్నారు. దేవుడి దయవల్ల బతికి బయటపడ్డారు. ఆ మూడు వారాలు ఇంట్లో ఎవ్వరమూ అడ్డు చెప్పలేదే అని వారి కోడలు నేటికీ కంటతడి పెడుతుంది.

ఆయన నమ్మకం గాలిలోనుంచి పుట్టినది కాదు. ఒకప్పుడు ఇంగ్లీషు వైద్యులు సైతం మూత్రరోగాలకు గంధపు నూనెను గొట్టాలలో పోసి ఇచ్చేవారు. 1930లలో సల్ఫా మందులు, 40లలో పెనిసిలిన్ రాగానే మానుకున్నారు. అంతకన్నా బాగా పనిచేసే మందు దొరకడం ఒక కారణం. మోతాదు మించితే ఆ నూనె కడుపునూ మూత్రపిండాలనూ బాధించడం మరొకటి. పైగా ఈనాడు చెట్లు తగ్గి, ధర మండిపోతున్నది. అంగడి సీసాలో వున్నది అసలు నూనో, కల్తీయో, కృత్రిమమో మన ముక్కుకు తెలియదు.

శాస్త్రజ్ఞులు ఈ వాసనను వదిలిపెట్టలేదు. 2014లో జర్మనీలోని బోఖుమ్ పరిశోధకులు మన చర్మకణాలలో ఒక వాసన గ్రాహకం వున్నదనీ, గంధపు వాసనగల ఒక కృత్రిమ పదార్థం తగిలితే ఆ కణాలు చురుకుగా పెరుగుతాయనీ ప్రకటించారు. చక్కని సంగతే. కాని అది ప్రయోగశాలలోని కణాలమాట, కృత్రిమ పదార్థంమాట. మన సానమీది గంధం పుండ్లు మానుస్తుందని దాని అర్థం కాదు.

చెట్టునుంచి వచ్చినంత మాత్రాన మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. అది ఒక పదార్థం. దానికొక పేరు, ఒక పాలు, ఒక పని వున్నాయి. అవి తెలిసినవారిని అడిగి వాడుకుంటే మేలు. మెడకు గంధం, ఇంటికి వచ్చినవారికి గంధం హాయిగా పూయండి. నోట్లోకి మాత్రం డాక్టరుగారిని అడగకుండా చుక్కయినా వద్దు. ఇంటి పెద్దలకు మంటగానీ జ్వరంగానీ వస్తే, చిట్కాతో వారం గడపవద్దు.

ఆ పిల్ల ప్రశ్నకు మా జవాబు ఇంతే: అమ్మడూ, ఒకదానిలో రంగున్నది, ఒకదానిలో వాసనున్నది. పేరు చూసి నమ్మకుండా ముక్కు దగ్గర పెట్టుకుని అడిగావు చూడు, శాస్త్రమంతా అక్కడే మొదలవుతుంది.