ప్రతిజ్ఞ రాసినాయన

మాది హగరి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. నాలుగో తరగతి చదివే నా మనవరాలు పోయిన నెల ఒకరోజు బడినుంచి వచ్చి మూల కూర్చుండింది. పొద్దున ప్రార్థనలో ప్రతిజ్ఞ చెప్పించే వంతు దానిదంట. కన్నడం మాటలు తెలుగు యాసలో పడితే లైన్లో పిల్లోళ్లు నవ్వినారు. "ఇంక నేను చెప్పను తాతా" అనింది.

ఆ ప్రతిజ్ఞ రాసింది తెలుగాయనే అని చెప్పినాను. నమ్మలేదు. నల్లగొండ జిల్లా అన్నెపర్తిలో పుట్టిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ ఆఫీసరుగా ఉండి దాన్ని తెలుగులో రాసినారు. 1965 జనవరి 26 నుంచి దేశమంతా బడుల్లో ఎవరి భాషలో వాళ్లు చెప్తున్నారు. పుస్తకంలో మాత్రం ఆయన పేరు వేయలేదు. తన మాటలు ఊరూరా పిల్లలు చెప్తున్నారని ఆయనకే తెలీదంట! మనవరాలు పాఠాల పుస్తకం తీసి చదువుతుంటే విని తెలుసుకున్నాడని అంటారు.

"అయితే నన్ను నవ్వినోళ్లు చెప్పేది మన తెలుగాయన మాటేనా?" అని లేచింది. రేపే పోయి వాళ్లకు చెప్తానంది.

చెప్పు, కానీ కొట్లాటకు వద్దు అన్నాను. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయినాయి, బళ్లారి మైసూరుకు వచ్చింది. గీత పెద్దోళ్లు గీసినారు. మిల్లులో నాకు పని నేర్పింది కన్నడమాయన. నా కన్నడానికి ఆయనా నవ్వేవాడు, నవ్వి సరిదిద్దేవాడు.

మొన్న సోమవారం మళ్లీ దాని వంతు వచ్చింది. గట్టిగా చెప్పిందంట. యాస అట్లే ఉంది.