మురుగు చెప్పిన మాట దాచొద్దు

2016 జూన్‌లో హైదరాబాద్‌ను కలవరపెట్టిన వార్త ఆసుపత్రి నుంచి రాలేదు, అంబర్‌పేట మురుగునీటి శుద్ధి కేంద్రం నుంచి వచ్చింది. అక్కడ తీసిన నమూనాలో టైప్-2 పోలియో వైరస్ దొరికింది. ఒక్క బిడ్డకూ కాలు చచ్చుబడలేదు. అయినా యంత్రాంగం తాత్సారం చేయలేదు. సంగతి బయటపెట్టి, జూన్ 20 నుంచి 26 దాకా హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో ముప్పున్న ప్రాంతాల మీద పడింది. ఆరు వారాల నుంచి మూడేళ్ల వయసున్న 3,11,064 మంది పిల్లలకు టీకా వేసింది. గుర్తించిన వారిలో ఇది 94 శాతం. ఇంజెక్షన్ మందుకు కొరత ఉండటంతో 0.5 మిల్లీలీటర్ల పూర్తి మోతాదులో అయిదో వంతునే చర్మం పొరలోకి ఎక్కించారు.

చుక్కలు ఎందుకు వేయలేదన్న ప్రశ్నకు జవాబు కాస్త ఇబ్బందికరమైనదే. ఆ వైరస్ పుట్టింది చుక్కల మందు నుంచే. మందులోని బలహీనపరిచిన వైరస్ పిల్లల మలంతో బయటికొస్తుంది. టీకా పడని పిల్లలు ఎక్కువగా ఉన్నచోట ఒకరి నుంచి ఒకరికి పాకుతూ, కొన్నాళ్లకు మళ్లీ కోరలు పెంచుకోగలదు. అందుకే ఆ ఏడాది ఏప్రిల్ 25న దేశం టైప్-2 ఉన్న చుక్కలను పక్కనపెట్టింది. వాటినే తిరిగి వాడితే ఆ వైరస్‌ను మళ్లీ బస్తీల్లోకి వదిలినట్టే.

ఈ నిజం జనానికి చెబితే టీకాలంటేనే బెదిరిపోతారని అధికారుల భయం. ఆ భయానికి ఆధారం లేదు. వైరస్ సంగతి తెలిసిన నగరంలోనే నూటికి 94 మంది పిల్లలకు టీకా పడింది. 2024లో మేఘాలయలోని పశ్చిమ గారో హిల్స్‌లో రెండేళ్ల బిడ్డకు పోలియో సోకినప్పుడు మాత్రం, అది టీకా సంబంధిత వైరస్ కనుక దేశ పోలియో రహిత హోదాకు ఢోకా లేదన్న మాటే గట్టిగా వినిపించింది. కాలు పడిపోయిన బిడ్డ తల్లికి ఆ హోదాతో ఏం పని?

పల్స్ పోలియో నాడు ఆశా కార్యకర్త సుద్దముక్కతో తలుపు మీద 'ఎక్స్' గీసి వెళ్లిందంటే, ఆ ఇంట్లో చుక్కలు పడాల్సిన బిడ్డ మిగిలిపోయినట్టు. తాళం వేసిన ఇంటికైనా రెండోసారి వెళ్లొచ్చు, మరి తలుపే లేని రేకుల షెడ్ల సంగతేమిటి? అపార్ట్‌మెంట్ల పునాదుల దగ్గర, ఇటుక బట్టీల దగ్గర కాపురముండే వలస కూలీల పిల్లలు ఏ వార్డు జాబితాకూ సులువుగా అందరు. ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలకు పడాల్సిన మూడు ఇంజెక్షన్లు వాళ్లకు పడేలా చూడటమే అసలు పని. వైరస్ కనబడ్డాక వారం రోజులు పెట్టే పరుగు దానికి బదులు కాదు.

మురుగునీటి పరీక్షల ఫలితాలను, అనుకూలమైనా కాకున్నా, ప్రాంతాల వారీగా ఎప్పటికప్పుడు ప్రకటించాలి. నిర్మాణ అనుమతి ఇచ్చే పురపాలక సంఘమే ఆ స్థలంలో ఉంటున్న అయిదేళ్ల లోపు పిల్లల పేర్లు బిల్డర్ నుంచి రాయించుకుని ఏఎన్ఎంకు అందించాలి. జాబితా ఇవ్వని చోట పని ఆపించాలి.