మందు మానితే ఒళ్లొస్తుందా?

మందు మానిన నెలలోపే ఒకరు చిక్కిపోతారు, మరొకరు ఒళ్లు చేస్తారు. రెండూ మామూలే. గ్రాము చక్కెరలో 4 కేలరీలుంటే, గ్రాము ఆల్కహాల్‌లో 7. అవి ఆగగానే కొందరు తగ్గుతారు. ఇంకొందరికి చచ్చిన ఆకలి లేస్తుంది, నోరు తీపి కోరుతుంది. చక్కెరకు పేరుపడ్డ బోధన్ వైపు చాయ్‌లో మరో చెంచా పడటం ఎంతసేపు!

వేళకు జొన్నరొట్టె, పప్పు, గుడ్డు పెట్టండి. పెరిగిన రెండు కిలోలు తర్వాతైనా తగ్గుతాయి. పొట్ట, కాళ్లు ఉబ్బితే మాత్రం అది నీరు కావచ్చు, డాక్టరుకు చూపించాలి.

రోజూ తాగేవారు ఒక్కసారిగా మానడం ప్రమాదం. 2015లో కల్తీ కల్లుపై దాడులు జరిగాక, అందులోని మత్తుమందుకు అలవాటుపడ్డవారు వణుకు, ఫిట్స్‌తో నిజామాబాద్ ప్రభుత్వాసుపత్రికి చేరారు. ముందు డాక్టరును కలిసి, ఆ తర్వాతే మానాలి.