కాగితం కంపెనీలకు కళ్లెం ఏదీ?

గుంట జాగ కొనే రైతును సర్కారు ఏమడుగుతది? ఆధార్ తెమ్మంటది, పాసుబుక్కు చూపెట్టమంటది, ఇద్దరు సాక్షులను నిలబెట్టి వేలిముద్ర వేయమంటది. అడగాల్సిందే. మరి వందల ఎకరాలు కొనే కంపెనీ వెనుక ఉన్న అసలు మనిషిని ఎందుకు అడగదు?

2013 కంపెనీల చట్టం ప్రకారం కంపెనీ పుట్టినంక 30 రోజుల దాకా రిజిస్టర్డ్ ఆఫీసు లేకున్నా చెల్లుతది. ఆ తర్వాత కిరాయి కాగితం, ఇంటి ఓనరు ఒప్పుకోలు, రెండు నెలల లోపు కరెంటు బిల్లు ఉంటే చాలు. మూలధనం 15 లక్షలు దాటకుంటే కేంద్రానికి కట్టే రిజిస్ట్రేషన్ ఫీజు కూడా లేదు.

ఈ సౌలతు ఎవరికి అక్కరకొచ్చిందో హైదరాబాద్ చూసింది. 2009 జనవరి 7న సత్యం కుంభకోణం బయటపడ్డది. రాజు కుటుంబం 300కు పైగా కంపెనీలను అడ్డం పెట్టి వేల ఎకరాలు కొన్నదని దర్యాప్తులో అభియోగం వచ్చింది. ఇన్ని కంపెనీలు ఎందుకు? 1973 భూసంస్కరణల చట్టం మెట్ట భూమికి పెట్టిన గరిష్ఠ పరిమితి తరగతిని బట్టి 35 నుంచి 54 ఎకరాలు. ఆ చట్టం లెక్కలో కంపెనీ కూడా ఒక ‘వ్యక్తి’. తక్కువలో తక్కువ 35 ఎకరాలే అనుకున్నా, 300 పేర్ల మీద 10,500 ఎకరాలు! దున్నేవానికి సీలింగు, బోర్డు తగిలించేవానికి ఆకాశమే హద్దా?

ఢిల్లీ ఏమీ చేయలేదని అనం. 2017లో లెక్కలు దాఖలు చేయని 2 లక్షల 26 వేల కంపెనీల పేర్లు కొట్టేసింది. 10 శాతం, అంతకు మించి వాటా ఉన్న అసలు యజమాని పేరు చెప్పాలని 2018లో నిబంధనలు తెచ్చింది. కానీ కంపెనీ దగ్గరుండే ఆ రిజిస్టరును చూసే హక్కు చట్టం ఇచ్చింది కంపెనీ సభ్యులకే, భూమి పోయిన రైతుకు కాదు. స్థానికులు ఇద్దరి ముందు ఆఫీసును తనిఖీ చేయాలని 2022లో ఇంకో నిబంధన వచ్చింది. అదీ రిజిస్ట్రార్‌కు అనుమానం వస్తేనే!

కంపెనీల రిజిస్ట్రేషన్ కేంద్రం చేతిలో ఉండొచ్చు. భూమి రాష్ట్ర జాబితాలోది. 2014 జూన్ 2న రాష్ట్రం తెచ్చుకున్నది భూమి మీద మన మాట చెల్లాలని. ఇక ఢిల్లీని సాకుగా చూపితే నడవదు.

భూమి కొనే ప్రతి కంపెనీ అసలు యజమాని పేరు గ్రామ పంచాయతీ గోడ మీద అంటించాలె. సీలింగును బోర్డుల లెక్కన కాదు, బోర్డుల వెనుకున్న మనుషుల లెక్కన కట్టాలె. రైతు దాచేదేమీ లేదు. దాచేటోన్నే అడగాలె.